మా అత్త గుండె చప్పుడు విన్నవాళ్ళం

పోయిన మంగళవారం పొద్దున పుంగనూరు నుంచి ఫోను: "అత్త పోయిందిరా." ఎనభై రెండేళ్ళు. న్యుమోనియా. జబ్బు పేరు కూడా ఎందుకు రాస్తున్నానంటే, సమాధి దగ్గరే ఒకాయన "పాపం, ఆ గుండెజబ్బే మింగేసింది" అన్నాడు. అబద్ధం. ఆమెకు మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్, అంటే గుండెలో ఒక కవాటం వెనక్కి ఉబ్బే లోపం, ఉన్నమాట నిజమే. దాంతోనే మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సుగా ముప్పై ఐదేళ్ళు నిలబడి పనిచేసింది.

మా నాన్నకు అక్క. మనం చెప్పులు విడిచేలోపే చెయ్యి పట్టుకుని నాడి చూసేది. కీర్తనలు బిగ్గరగా, తప్పు రాగంలో పాడేది. పాస్టరుగారు ఆమెను వెనక వరసకు మార్చారు గానీ గొంతును మార్చలేకపోయారు.

నా చెల్లెలికి పద్దెనిమిదేళ్ళప్పుడు కుప్పంలో నర్సింగ్ సీటొచ్చింది. చేరడానికి రెండు వారాలుందనగా గుండె దడగా ఉందంటే ఎకో తీయించాం. అత్తకున్నదే దానికీ ఉంది. "లీకు నామమాత్రమే, చదువుకోనీండి, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు" అన్నాడు డాక్టరు. అమ్మకు 'గుండె' అన్న మాటొక్కటే వినబడింది. మా చౌడేపల్లె చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చదువుతారు. అమ్మ చీటీ రాసిచ్చింది. సంఘపెద్ద దానికి తన భక్తి కూడా కలిపి, "ఈ బిడ్డ గుండెలోని చిల్లు పూడ్చు తండ్రీ" అని వేడుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంటినిండా బ్రెడ్డు, యాపిల్ పండ్లు, ఏడుపులు. సాయంత్రానికి సీటు వదులుకోవాలని తీర్మానం. "గుండె బాగలేని ఆడపిల్ల రోగుల్ని ఎత్తి దించుతాదా?" అన్నారు. అదే వాల్వు నాకుంటే నా చదువు ఆపేవాళ్ళా? అడిగాను, అరిచాను. ఎవరు విన్నారు గనక! చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

మరుసటి ఆదివారం అత్త స్టెతస్కోపుతో దిగింది. ఆరాధన కాగానే చర్చి ముందర, ప్రార్థన కూటాలకు వేసిన షామియానా కింద, కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఏమప్పా పెద్దమనిషీ, ఈడికి రా. ఇది సెవుల్లో పెట్టుకో. నా గుండె ఇను."

"నేనాక్కా?" అన్నాడు సంఘపెద్ద.

"నువ్వే. చిల్లు కనిపెట్టినోడివి నువ్వే గదా."

స్టెతస్కోపు బిళ్ళను తనే పైట కింద పెట్టుకుంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "టిక్కుమంటాండాదక్కా!"

"నలభై ఏండ్లుగా అంతే. వాల్వుకు రెండు రేకులు. మూసుకునేటప్పుడు ఎనక్కి ఉబ్బుతాయి. పైకి సూడు, షామియానా గాలికి ఉబ్బుతాండాదా? సినిగిందా?"

"లేదక్కా."

"వాన కారితే అప్పుడు కుట్టల్ల. నెత్తురు శానా ఎనక్కి కారితే ఆయాసమొస్తాది, ఆపరేషన్ కూడా పడొచ్చు. ఈ పాపకు అది లేదు. మరి సదువు యాల ఆపేది?"

ఇంక వరస కట్టారు. పాస్టరుగారు రెండుసార్లు విన్నారు. "సాలు సామీ, ఇదేం సినిమానా" అంది అత్త. అందరికన్నా ఆఖర్న అమ్మ వింది. తర్వాత ఆ బిళ్ళనే చెల్లెలి గుండెమీద పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"నీ మాదిరే ఉండాదొదినా."

"అయితే నా మాదిరే పన్జేస్తాది. పంపీ."

భయపడొద్దని మాత్రమే చెప్పే మనిషి కాదు అత్త. "దడొస్తే కూసో, నీళ్ళు తాగు, కాఫీ తగ్గించు. ఆయాసం పెరిగినా, సొమ్మసిల్లినా ముందు డాక్టరు దగ్గరికి పో. దేవుడు కాసేపు ఆగుతాడులే" అనేది. ఆడపిల్ల కదలకుండా ఉండడానికి జబ్బును సాకుగా వాడుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు ఈ మాట చదవాలి.

చెల్లెలు ఇప్పుడు కుప్పంలోనే నర్సు. అది చేరడానికి వెళ్ళిన పొద్దున, పుంగనూరు బస్టాండులో మేం టీ తాగుతుండగానే బస్సు కదిలింది. "పెట్టె నువ్వు మొయ్యొద్దే!" అని అమ్మ కేక. చెల్లెలు అప్పటికే పెట్టె చంకనెత్తింది. "పరిగెత్తు పాపా!" అని అత్త. అది పరిగెత్తి, కమ్మీ పట్టుకుని ఎగిరి ఎక్కేసింది. ఎక్కాల్సిన పనేమీ లేని అత్త కూడా, అరవయ్యేళ్ళ మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని, బస్సు పొగలో నవ్వుతూ దాని వెనకే పరిగెత్తుతూ ఉంది.