కడిగి ఇచ్చిన డ్రమ్ము

ఆ రోజుల్లో మా అల్వాల్ వీధిలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. నీళ్లు పట్టి పెట్టుకోవడానికి ప్రతి గేటు పక్కనా ఓ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేది. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ ఆలోచించేవారు కాదు. నాకు తెలుసు. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో, ల్యాబులో నా ఉద్యోగం. రసాయనాలతో వచ్చిన డ్రమ్ములు ఖాళీ అయ్యాక గేటు దగ్గర పేర్చేవాళ్లు. స్టాఫ్ అడిగితే ఒకటి ఇచ్చేవాళ్లు. మా ఇంటి డ్రమ్ము మాత్రం రాంగోపాల్‌పేట్‌లో కొన్న కొత్తది.

పక్కింటావిడ జాకెట్లు కుట్టేది. ఒకరోజు గోడ మీద నుంచి అడిగింది.

"అక్కా, మీ కంపెనీల డ్రమ్ములుంటయంట గద. నాకొకటి ఇప్పియ్యరాదు? మా అత్త బిందెలు మోయలేక పరేషాన్ అయితాంది."

తెచ్చిచ్చాను. సబ్బు పొడితో మూడుసార్లు కడిగి మరీ ఇచ్చాను. పది రోజులకు ఆమె ఆ డ్రమ్ములోని నీళ్లు చెంబుతో పట్టుకొచ్చింది.

"జెర వాసన చూడక్కా. చెప్పుల దుకాణంల నిలబడ్డట్టు లేదూ?"

ఉంది. ఆ జిగురు వాసన నాకు ల్యాబులో రోజూ తగిలేదే, ద్రావకాలది. అలాంటి రసాయనాన్ని ప్లాస్టిక్ లోపలికి పీల్చుకుంటుంది, తర్వాత నీళ్లలోకి మెల్లగా వదులుతుంది. ఆ ముక్క చెప్పాల్సింది. కానీ అంతకు రెండు రోజుల ముందే వాళ్ల మరిది, కంప్యూటర్ కోర్సులో కొత్తగా చేరినవాడు, "కెమిస్ట్రీనా! ఇంకా గది సుత చదువుతున్నరా మంది?" అని నవ్వాడు. వీధి వీధంతా సాఫ్ట్‌వేర్ వైపు పరుగెడుతున్న కాలం. ఆ మంట ఈమె మీద చూపించాను.

"కెమిస్ట్రీ చదివింది నేనా, నువ్వా? మూడుసార్లు కడిగితే ఇంకా ఏముంటుంది? కొత్త బట్టకి గంజి వాసన రాదూ? అదీ అంతే."

"నువ్వంటే ఇంకేందక్కా," అని ఆమె ఆ చెంబెడు నీళ్లూ నా ఎదుటే గటగటా తాగేసింది.

విచిత్రం ఏమిటంటే, అప్పుడు నేను ఫ్యాక్టరీలో చేస్తున్న పనే హరిత రసాయన శాస్త్రం, అంటే గ్రీన్ కెమిస్ట్రీ. ఒక మందు తయారీలో విషపు ద్రావకాన్ని తీసేసి, అదే రసాయన చర్యను మామూలు నీళ్లలో జరిపించాం. చెత్తను పుట్టించి తర్వాత శుభ్రం చేయడం కాదు, అసలు పుట్టనివ్వకూడదు అన్నది అందులో మొదటి మాట. ఆ మాట నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు.

ఆ మందు కొనేవాళ్ల తరఫున తనిఖీకి ఒక చిన్నపిల్ల వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. నేను చెప్పిందంతా విని, "ఖాళీ డ్రమ్ములు ఏం చేస్తారు?" అంది.

"ముక్కలు చేయించేస్తాం."

"అన్నీనా?"

"ద్రావకమే లేకుండా చేసి చూపిస్తుంటే నువ్వింకా డ్రమ్ముల దగ్గరే ఉన్నావా అమ్మా?" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తల దించుకుని కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

ఆ సాయంత్రం, తనిఖీ నెగ్గినందుకు కంపెనీ పంచిన స్వీట్ బాక్సు పట్టుకుని వీధి మొదట్లో వ్యాను దిగాను. పక్కింటి గుమ్మంలో ఆ అత్తగారు డ్రమ్ములో చెంబు ముంచి, అన్నానికి ఎసరు పోసుకుంటోంది. వాళ్ల గేటు దగ్గరికి వెళ్లాను. అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. "డ్రమ్ములు వెనక్కి ఇచ్చేయమంటున్నారు మా కంపెనీవాళ్లు," అన్నాను. పాపం, పక్కింటావిడ దాన్ని తళతళా తోమి, "నా వల్ల నీకేం మాట రాలేదు గదక్కా?" అని అడిగి మరీ అప్పజెప్పింది.

గండం గడిచిందనుకున్నాను. నాలుగో రోజు పొద్దున వాళ్ల గేటు పక్కన ఇంకో నీలం డ్రమ్ము. పాతసామాన్లవాడి దగ్గర తెచ్చిందట. లేబుల్ చీటీ చింపేసిన మరక ఇంకా దాని మీదే ఉంది.

"ఇది ఎందుకు తెచ్చావ్?"

"గదేందక్కా గట్లంటవ్? కడిగితే ఏం గాదని నువ్వే చెప్తివి గద. కాప్రాల ఉండే మా చెల్లెకు సుత ఒకటి ఇప్పిచ్చిన."

ఇక తప్పలేదు. ఆ వాసన ఏమిటో, కడిగినా ఎందుకు పోదో, కంపెనీ వెనక్కి అడగడం అబద్ధమనీ చెప్పాను. మాటకు మాట అంటించే నేను, ఆ నాలుగు ముక్కలూ నేల చూస్తూ చెప్పాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే వాదించేదాన్ని. గోడ మీదుగా మా గేటు పక్కకి చూసింది.

"మరి మీదేందక్కా?"

"కొత్తది," అన్నాను.

ఆమె లోపలికి తిరిగి కేకేసింది.

"అత్తా! ఆ చెంబు కింద పెట్టు."