పెద్దమ్మాయికి తుమ్మొచ్చింది

డ్రైవింగు టీచరమ్మ కారుకు ఏనాడూ రిపేరు రాలేదు. వచ్చేదల్లా ఒంట్లో నలతే. ఇంజను ఆగిపోతే అలిగినట్టు. బ్రేకు కీచుమంటే పళ్ళు కొరికినట్టు. చలికి పొద్దున్నే స్టార్టవకపోతే, "నిన్న బాగా అలిసిపోయింది పాపం, కాసేపు పడుకోనివ్వండి" అంటూ బానెట్ మీద తన శాలువా కప్పి పక్కన కూర్చునేది. ఆ కారు వయసు ఇరవై ఆరేళ్ళు. పేరు పెద్దమ్మాయి.

పెద్దమ్మాయికి వైద్యం చేసే యోగం మెకానిక్ నెత్తిన పడింది. అతనికి అబద్ధమంటే ఒళ్ళు మంట. బండి పనికిరాదనిపిస్తే, నిన్న కొన్నవాడి మొహం మీదే పనికిరాదనేస్తాడు. అలాంటివాడికి టీచరమ్మ లక్షణాలు చెబుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

"ఏమైందండీ?"

"మనసు బాగాలేదు నాయనా."

"మీకా, కారుకా?"

"దానికే. మూడో గేరంటే చాలు, మొహం తిప్పేసుకుంటోంది."

ఆ బుధవారం పొద్దున పెద్దమ్మాయి షెడ్డులోకి వచ్చేసరికి, వచ్చిన దారి పొడుగునా చుక్కలు చుక్కలుగా నూనె. టీచరమ్మ హుషారుగా దిగింది. స్టీరింగు వెనక నుంచి దర్జీ ఆవిడ దిగింది. దిగడమేమిటి, బోనెక్కినట్టే ఉంది. భర్తకు చూపు మందగించాక వాళ్ళ వ్యాను కదలడం మానేసింది. కుట్టిన బట్టలు దుకాణాలకు చేరాలంటే ఆవిడే నడపాలి. లైసెన్సు టెస్టు రెండుసార్లు తప్పింది. మూడోది శుక్రవారం.

"నిన్నటి నుంచి ఒకటే ఏడుపు" అంది టీచరమ్మ.

మెకానిక్ జాలిగా దర్జీ ఆవిడ వైపు చూశాడు.

"ఆవిడ కాదు నాయనా, పెద్దమ్మాయి!"

"దాన్ని ఏడుపనరండీ. లీకంటారు."

"ష్! దానికి వినబడుతుంది."

మెకానిక్ పళ్ళు బిగబట్టి కారు కింద అట్టముక్క తోశాడు. కాసేపటికి నాలుగు చుక్కలు పడ్డాయి. వేలితో రాసి చూశాడు, వాసన చూశాడు. ఇంజనాయిలైతే ఇన్ని వేల మైళ్ళకు నల్లగా ఉండాలి. ఇది తేనె రంగులో, చిక్కగా, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది.

"గేరుపెట్టె నూనె" అన్నాడు.

దర్జీ ఆవిడ గబగబా దగ్గరికొచ్చింది. "నేనే విరగ్గొట్టాను తమ్ముడూ! నిన్న మలుపులో కింద దడేల్మని చప్పుడైంది."

"అది తుమ్ము" అంది టీచరమ్మ.

"కారు తుమ్మడమేంటండీ?" అన్నాడు మెకానిక్.

"రోడ్డంతా దుమ్ము కదా!"

ఇక ఆవిడతో వాదించి లాభం లేదని అతను కారును లిఫ్టు మీద పైకి లేపాడు. గేరుపెట్టె కింద భాగమంతా నూనె జిడ్డే. కారిన చోటు వేరు, మొదలైన చోటు వేరు. కారు పరుగెడుతుంటే గాలికి నూనె వెనక్కి పాకుతుంది, ఉన్న కన్నం ఒకటైతే తడి పది చోట్ల కనబడుతుంది. అందుకని కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాడు, గుడ్డతో తుడిచాడు, ఆరాక మొహానికి రాసే పౌడరు డబ్బా తెచ్చి చల్లాడు.

టీచరమ్మ మురిసిపోయింది. "ఎన్నాళ్ళయిందో దాన్నిలా ముస్తాబు చేసి!"

తగ్గిన నూనె నింపి, కిందికి దించి, "ఒక చుట్టు తిప్పి తీసుకురావాలి" అన్నాడు.

"ఈ అమ్మాయి తిప్పుతుంది" అంది టీచరమ్మ, దర్జీ ఆవిడను చూపించి.

"నేనా? మిగిలింది కూడా పగిలిపోతే?"

"నువ్వయితేనే దానికి అలవాటు. ఎక్కు."

మెకానిక్ వెనక సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. సిగ్నలు దగ్గర కారు మూడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్ల మోత. దర్జీ ఆవిడకు చెమటలు. టీచరమ్మ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి వెనకవాళ్ళకు సంజాయిషీ చెప్పుకుంది. "ఎర్రలైటంటే దీనికి చిన్నప్పటి నుంచీ భయమండీ!" నాలుగోసారి కారు కదిలింది.

షెడ్డుకొచ్చి మళ్ళీ పైకి లేపి టార్చి వేశాడు. పౌడరంతా తెల్లగా, పొడిగా ఉంది, ఒక్క చోట తప్ప. అడుగున నూనె తీసే బోల్టు దగ్గర్నుంచి సన్నగా తడిచార. బోల్టు అంచున రాయి గీసుకుపోయి కొత్త మెరుపు.

టీచరమ్మ తొందరపడింది. "నూనె ఆపే సీలు ముసలిదైపోయింది కదూ?"

"సీళ్ళన్నీ బంగారంలా ఉన్నాయండీ. ఇక్కడ రా..."

'రాయి' అనబోయాడు. టీచరమ్మ చెప్పు అతని పాదం మీద బలంగా దిగింది.

"నావల్లేనా తమ్ముడూ?" అంది దర్జీ ఆవిడ. "నావల్లయితే ఇక మానేస్తాను."

జీవితంలో మొదటిసారి మెకానిక్ నిజం కోసం కాసేపు వెతుక్కున్నాడు. బోల్టు తలకాయకూ పెట్టెకూ మధ్యనున్న రాగి వాషరు కనబడింది.

"వాషరు... చాలా పాతదక్కా. ఏనాడో మార్చాల్సింది."

అది నిజమే. ఆవిడ హమ్మయ్య అనుకుంటూ కుళాయి దగ్గరికి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

టీచరమ్మ గొంతు తగ్గించింది. "మలుపులో అరుగు రాయి తగిలింది. నిన్ననే వంగి చూశాను, బోల్టు అంచు చెక్కుకుపోయింది. పెట్టె పగల్లేదు కదా? బోల్టూ వాషరూ మార్చి, నూనె అంచుదాకా నింపు."

మెకానిక్ నోరు తెరిచాడు. "మీకిదంతా తెలుసా! మరి అలకలూ, తుమ్ములూ?"

"ఇరవై ఆరేళ్ళు నడిపాను, తెలీదా? పక్కన నేర్చుకునేవాళ్ళుంటారు నాయనా. తప్పు కారుదంటే రేపు మళ్ళీ వస్తారు. తమదంటే ఇంట్లో కూర్చుంటారు. రాయి తప్పించడం కూడా నేర్పుతాను, ముందా చేతుల వణుకు తగ్గనీ."

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు ముందు వ్యానొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. స్టీరింగు వెనక దర్జీ ఆవిడ, పక్కన నల్లకళ్ళద్దాల భర్త, వెనక బట్టల మూటలు. టెస్టు అయ్యాక పెద్దమ్మాయి బోల్టు మరోసారి చూపించడానికొచ్చిన టీచరమ్మ ఆగకుండా చెయ్యూపింది.

మెకానిక్ బోల్టు చూసి, తాళాలు ఇవ్వబోయి ఆగాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో అతనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. మొదటి వారంలోనే టీచరమ్మ ఇంటి గేటును గుద్దాడు. గేటు వంకరగా బిగించారు, నీ తప్పేం లేదని ఆవిడ అంటే నమ్మేశాడు. అంతటితో ఊరుకోక, దాన్ని బిగించిన మేస్త్రీని పదిహేనేళ్ళుగా ఊరంతా తిడుతున్నాడు.

"టీచరమ్మగారూ, నిజం చెప్పండి. ఆ గేటు వంకరగానే ఉండేదా?"

టీచరమ్మ అతని చేతిలోంచి తాళాలు అందుకుని ఎక్కి, కారు స్టార్టు చేసి, గేరు మార్చి, నవ్వింది.

"ఇప్పటికీ వంకరే నాయనా. వచ్చి చూడు."