మొదటి వల రొయ్యలు

ఉదయం ఆరూ పదికి నాన్న చెరువు గట్టు మీద మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించారు. పట్టుబడి ముందు, అంటే చెరువులో పంట రొయ్యలు పట్టే ముందు, అది ఆయన అలవాటు. మొదటి వలలో పడిన రొయ్యలు గుప్పెడు తీసి, ఉప్పునీళ్లలో ఉడికించి, చిన్న ప్రార్థన చేసి, కొనేవారితో కలిసి తినేవారు. తాను తినలేనిది అమ్మకూడదనేవారు.

ఉండి ఊరి నుంచి వచ్చే వ్యాపారి గట్టు మీదే కూర్చుని తినేవాడు. "ఈసారి ఉప్పు తగ్గింది, ప్రార్థన పెరిగిందండీ," అనేవాడు.

"మీ బేరం సంగతి ముందే పైన చెప్పుకున్నానండీ," అనేవారు నాన్న.

రెండువేల సంవత్సరం తర్వాత ఆ వ్యాపారి రావడం మానేశాడు. ఒక పెద్ద కంపెనీ వచ్చింది. రొయ్య పిల్ల వాళ్లది, మేత వాళ్లది, కొనే ప్లాంటు వాళ్లది, ఓడ ఎక్కించేదీ వాళ్లే. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేదాన్ని. పెద్ద సంస్థలు ముందు నడిస్తే ఎగుమతులు పెరుగుతాయని, వాటి వెనక ఊళ్లు బాగుపడతాయని పాఠం. అది అబద్ధం కాదు. కలిదిండి దాకా మంచి రోడ్డు, ఐసు ఫ్యాక్టరీ, ఆడవాళ్లకు ప్లాంటులో పని, అన్నీ నా కళ్ల ముందే వచ్చాయి.

నాన్న పొయ్యి వెలిగించిన ఆ ఉదయానికి ముందు రెండు పంటలు జబ్బుతో పోయాయి. ఇదీ పోతే చెరువు లీజుకివ్వక తప్పదు. అది తన చేతిలో ఉండాలన్నదే నాన్న ఆశ. అందుకే నేను సెలవు పెట్టి వచ్చాను.

కంపెనీ ఉద్యోగి గ్లౌజులు వేసుకుని కొన్ని రొయ్యలు ఐసు పెట్టెలో పెట్టుకున్నాడు.

"తినండి బాబూ, వేడిగా ఉన్నాయి."

"వద్దండీ. మాకు శాంపిల్ చాలండీ."

"శాంపిల్ రుచి చెబుతుందాండీ?"

అతను నవ్వి మూత పెట్టాడు. నేనూ నాన్నా తిన్నాం.

మూడో రోజు అతనే వచ్చాడు. రొయ్యల్లో మందు ఆనవాలు ఉందని, అలాంటి సరుకు అవతలి దేశం దింపుకోదని చెప్పాడు. ఏం వాడారని అడిగితే నాన్న లోపలికి వెళ్లి మాత్రల అట్ట తెచ్చి చూపించారు.

"మా అమ్మాయికి చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే డాక్టరు రాసిన మందేనండీ. పిల్లని బతికించింది కదా అని నూరి మేతలో కలిపాను."

"ఇది వాడకూడదని కాగితం ఇచ్చాం కదండీ."

ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. దసరా సెలవుల్లో నాన్న దాన్ని నా చేతికిచ్చి, చదివి చెప్పమన్నారు. సంచిలో పెట్టుకుని గూడెం తీసుకెళ్లాను. చదవలేదు.

నాన్న ఆ సంగతి అతనికి చెప్పలేదు. నాతోనూ ఎప్పుడూ అనలేదు.

ఏలూరులో కొంటామన్నవాళ్లున్నారు. "వాళ్లకి పనికిరానిది మనవాళ్లకెలా పెడతామమ్మా," అని నాన్న గొయ్యి తవ్వించి పంటంతా పూడ్పించారు. వేసవిలో చెరువు కంపెనీకి లీజుకు వెళ్లింది. ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికారు. ఇంట్లో రొయ్యలు వండనివ్వలేదు.

చెరువులో పంట ఇప్పుడు బాగా పండుతోందంటారు. పట్టుబడికి ముందు శాంపిల్ తీస్తారు. గట్టు మీద ఎవరూ పొయ్యి వెలిగించరు.