పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద నీలం

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రాజ్యం ఉంది, ఆ రాజ్యాన్ని రాళ్లు మోసి కట్టుకున్న రాజు ఉన్నాడు, శత్రుసేనలు ఉన్నాయి, రంగులు మారిన పతాకాలు ఉన్నాయి. చివర్లో రాజ్యం పోవడం కూడా ఉంది. చదివేవాళ్లు కళ్లు తుడుచుకోవడానికి ఒక రుమాలు దగ్గర పెట్టుకోవచ్చు.

సరే, అంత లేదు. ఉన్నవి పదకొండు చొక్కాలు. వాటిలో ఒకదానికి కుడిచెయ్యి సగమే ఉండేది. శత్రుసేనలంటే బోరబండ జట్టూ మదీనాగూడ జట్టూ. రాజు తాపీమేస్త్రీ. రాజ్యం హఫీజ్‌పేట్ స్టేషన్ దాటాక రైలుపట్టాల పక్కన ఒక బండనేల. రుమాలు మడిచి జేబులో పెట్టేయండి.

పెద్ద దేశాల్లో ఫుట్‌బాల్ క్లబ్బులు పాత రంగు మార్చుకుంటే ఊళ్లకు ఊళ్లే అట్టుడికిపోతాయని తర్వాతెప్పుడో చదివాను. తాతల నాటి రంగును కొత్త యజమాని తీసేశాడని అభిమానులు ఊరేగింపులు తీస్తారట. మా క్లబ్బు రంగు మారినప్పుడు నిరసన తెలిపింది మా అమ్మ ఒక్కతే. అదీ, నా చొక్కాతో పాటు నానబెట్టిన నాన్న బనియన్ బొప్పాయి రంగుకు తిరిగిందని. ఇంకో తేడా కూడా ఉంది. ఆ క్లబ్బులు ఏటా కొత్త చొక్కాలు కుట్టించి పాత రంగును కాపాడుకుంటాయి. మేం పాత చొక్కాలను కాపాడుకుంటూ రంగులు మార్చుకుంటూ పోయాం.

మా రాజుగారిని అందరం కాకా అనేవాళ్లం. జట్టులో ఎవరికీ సొంత బాబాయి కాదు. పాలమూరు వైపు నుంచి పనికి వచ్చి, చుట్టుపక్కల సగం ఇళ్లు కట్టి, తను మాత్రం కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆదివారం పని ఉండదు. మనిషన్నవాడు పడుకుంటాడు. ఈయన తోటి మేస్త్రీలను పోగుచేసి, గునపాలు పట్టుకుని వెళ్లి, ఆ బండనేలను చదును చేశాడు. అప్పటికి మేం పాకుతున్నామో, అదీ లేదో. గోల్‌పోస్టులు సెంట్రింగ్ కర్రలు. గీతలు గోడల్లో మిగిలిన సున్నం. మూలన ఒక బండ మాత్రం ఎంత కొట్టినా పగల్లేదు. చివరికి దాన్నే కార్నర్ జెండా అనుకున్నారు.

చొక్కాలు నూలువి, పసుపు రంగువి. పసుపే ఎందుకని అడిగితే కాకా దగ్గర గొప్ప కథేమీ లేదు. "దుకాణంల గా రంగు బట్ట తాన్లే ఉండె" అనేవాడు. వీపు మీద అంకెలు తెల్ల టెరిలిన్ గుడ్డతో కుట్టించాడు. పసుపు మీద తెలుపు. అంకె చదవాలంటే ఆటగాడు వచ్చి మీద పడాలి. మావాళ్లు పడేవాళ్లు కూడా.

మేం ఆడే రోజులకు కాకా పరుగెత్తడం మానేసి గోల్‌లో నిలబడేవాడు. ఒకటో నంబర్ ఆయనది, మూడు నాది. ఓడిపోయి కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట చెప్పేవాడు.

"గ్రౌండు ఉంటేనే క్లబ్బు రా. గ్రౌండు పోతే మనం పదకొండు మంది ఖాళీగ తిరిగేటోళ్లం. గంతే."

"ఇప్పుడేంది కాకా, గ్రౌండు ఉన్నది గాబట్టి పదకొండు మందిమి ఒక్క తాన ఖాళీగున్నం" అన్నాను ఒకసారి.

"నీ నోరు కాళ్లకుంటే బోరబండోళ్ల మీద ఎన్నడో గెల్సేటోళ్లం."

ఒక చిన్న చిక్కు ఉంది. ఆ నేల మాది కాదు. ఒక పటేలుది. రాళ్లు తప్ప ఏమీ పండదని ఆయన ఏళ్ల తరబడి అటు చూడలేదు. తొంభైలు సగం దాటి, మాదాపూర్ వైపు కంప్యూటర్ల కోసం ఊరే కడతారన్న మాట పుట్టాక, ఆయనకు ఆ రాళ్ల మీద ప్రేమ పుట్టింది. ఒక సాయంత్రం స్కూటర్ మీద వచ్చి మా ఆట చూశాడు. ఆట గురించి ఏమీ అనలేదు, మర్యాదస్తుడు. రంగు గురించి అన్నాడు. పసుపు తనకు పడదని, ఎరుపైతే కలిసొస్తుందని జ్యోతిష్కుడు చెప్పాడట.

"ఎర్రయి ఏస్కొని ఆడుకోండ్రి. నేనెందుకు వద్దంట?" అన్నాడు.

కాకా మర్నాడే చొక్కాలన్నీ మూటగట్టి బోరబండలో దుపట్టాలకు రంగులేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాడు. పసుపు మీద ఎరుపు పడి పండిన బొప్పాయి రంగు వచ్చింది. పటేలు చూసి "ఎరుపు లెక్కనే ఉన్నది పో" అన్నాడు. నిజంగానే ఆయనకు కలిసొచ్చింది. మరుసటి ఎండాకాలంలో ఆ నేలను ఒక కంప్యూటర్ కంపెనీకి అమ్ముకున్నాడు.

మాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు వెళ్లేసరికి పెనాల్టీ చుక్క మీద ఎరుపూ తెలుపూ చారలున్న సర్వే కర్ర పాతి ఉంది. మా ఫార్వర్డ్ ఆ కర్రను కూడా దాటి పోలేకపోయాడు.

వారం తర్వాత ఓ చీకటి పడే వేళ, కాకా పని నుంచి అటే వచ్చి, ఒంటినిండా సిమెంటుతో నిలబడి ఉండగా, కంపెనీ తరఫున భూములూ అనుమతులూ షామియానాలూ చూసుకునే ఆఫీసరు జీపులో వచ్చాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. జీపు దిగకుండానే కాకా చెప్పిందంతా విన్నాడు.

"చూడండీ, ప్లాన్‌లో ఆటస్థలానికి కాస్త చోటుందండి. ఖాయమని చెప్పను. భూమిపూజకి మా పెద్దాయన బెంగళూరు నుంచి వస్తారు. ఆయన ముందు మీ కుర్రాళ్లు కాసేపు ఆడితే, నేనే మాట కదుపుతాను. ఒక్కటేనండీ. మా కంపెనీ రంగు నీలం. మీవాళ్లు నీలం చొక్కాలు వేసుకు రావాలి. చూడగానే నేనే పిలుస్తాను."

జీపు వెళ్లాక నేను అడిగాను, "రేపు ఆళ్లు కంపెనీ రంగు మారిస్తే ఏం జేస్తవ్ కాకా?"

"మనం గూడ మారుస్తం" అన్నాడు. నవ్వలేదు. నేను నవ్వాను గానీ, ఒక్కణ్నే నవ్వడం బాగోక ఆపేశాను.

మళ్లీ బోరబండ. ఈసారి మూట మోసింది నేను. రంగులాయన గంగాళం కింద మంట సర్దుతూ ఒక చొక్కాను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"దీని మీద నీలమేస్తే నీలం రాదు కాకా."

"మరేమొస్తది?"

"వచ్చినంక జూడాలె. మందేసి పాత రంగు తీయొచ్చు గని, రంగుతోని అంగీ గూడ పోతది. పాత బట్ట."

కాకా చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "నా ఉమర్ అంత గోడలకే పాయె. పసుపుపచ్చ గోడకు నీలం కొడ్తే మొదటి కోటుకు మచ్చలు కనవడ్తయ్. రెండో కోటుకు పచ్చ జాడ గూడ ఉండది. రెండు కోట్లు ఏయ్."

"ఇది గోడ గాదు."

"రెండు కోట్లు ఏయ్ బై. నీకెందుకు ఫికర్?"

"గోడకు పెట్టినట్టు ముందుగాల జర లప్పం పెట్టుమను కాకా, సాఫ్‌గ వస్తది" అన్నాను. కాకా నా వైపు చూసిన చూపుకు నేనే ఇంకో కోటు వేసుకున్నంత నల్లబడ్డాను.

రెండు కోట్లూ పడ్డాయి. చొక్కాలు గంగాళంలోంచి బయటికి వచ్చినప్పుడు వాటి రంగు ఇదీ అని చెప్పడం కష్టం. మాడిన ఛాయ్ గిన్నె అడుగు చూశారా, దాదాపు అది. టెరిలిన్‌కు ఆ రంగు పట్టదు గనక వీపుల మీద అంకెలు మాత్రం తెల్లగా మెరిశాయి. క్లబ్బు చరిత్రలో మొదటిసారి దూరం నుంచి ఎవరు ఎవరో తెలిసే వీలు కలిగింది. కాకా వాటిని తీగ మీద ఆరేసి, వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూశాడు.

"ఎండల చూస్తే నీలమే."

వానాకాలం. ఎండ కనబడి చాలా రోజులైంది. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు. ఎవరో ఒకరు పొరుగు జట్టు నుంచి నీలం చొక్కాలు అడుగుదామన్నారు. మదీనాగూడవాళ్లవి నీలమే. కాకా వినిపించుకోలేదు. అరువు తెచ్చుకున్న చొక్కాలతో ఆడితే అది మదీనాగూడ గ్రౌండు అవుతుందట.

భూమిపూజ రోజు మా మైదానం మధ్యలో షామియానా, గోల్ ముందు హోమగుండం. మేం పదకొండు మందిమీ అంచున వరుసగా నిలబడ్డాం, బంతి మా ఫార్వర్డ్ చంకలో. కాకా చిన్నగా పెదాలు కదుపుతున్నాడు. పెద్దాయనకు చెప్పాల్సిన రెండు ముక్కలు ఆయన అప్పటికి వారం నుంచి వల్లె వేస్తున్నాడు. ఇంతలో ఆ ఆఫీసరు చెమటలు కక్కుతూ వచ్చాడు. మమ్మల్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టయింది ఆయనకు.

"వచ్చేశారా? ఇంత లేటయితే ఎలాగండీ?"

"వచ్చినం సార్" అన్నాడు కాకా.

"నంబర్లు కూడా వేసుకొచ్చారే. మంచి పద్ధతండి. ఒకటి నుంచి ఐదు దాకా గేటు దగ్గర ఉండండి. మిగతావాళ్లు ఈ తాడు పట్టుకోండి. ఎవరినీ లోపలికి రానివ్వద్దు. ఆ బంతేంటండీ? అవతల పెట్టించండి."

గేటు వైపు నడుస్తూ నేను కాకాను అడిగాను, "ఇదేం ఫార్మేషన్ కాకా?"

"ముందుగాల పని. తర్వాత ఆట. సార్ పిలుస్త అన్నడు గదా."

జీవితమంతా ఇతరుల ఇళ్లలో ముందు పని చేసి, తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. ఆయనకు ఇందులో వింతేమీ కనబడలేదు. మేం ఆపాల్సిన జనం మా కాలనీ జనమే, మా ఆట చూడటానికి వచ్చినవాళ్లు. మా పక్కింటాయన నా మొహంలో మొహం పెట్టి, "నిన్ను చూద్దామనే వచ్చిన గదరా" అన్నాడు. "చూడు మరి. గేటు కాడ నిలవడ్డ" అన్నాను.

పెద్దాయన వచ్చాడు. కొబ్బరికాయలు కొట్టారు. వెండి తాపీతో ఇంత సిమెంటు తీసి వేశాడు. కారెక్కాడు, వెళ్లిపోయాడు. కారు మా మధ్యలోంచే వెళ్లింది. మేం సలాం కూడా కొట్టాం. కాకా అన్నదల్లా, "తాపీ తిరగేసి పట్టిండు" అని.

షామియానా కింద ఆఫీసరు కూల్‌డ్రింక్ తాగుతూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నాడు. కాకా వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, మ్యాచ్ ఎప్పుడు సార్?"

"ఇంకెక్కడి మ్యాచ్ అండీ. ఆ ఫుట్‌బాల్ వాళ్లు రాలేదు. నీలం చొక్కాల కోసం పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఏదో ఆట అన్నారే అని పెద్దాయన అడిగారు కూడా. ఏం చెప్పను? మాటంటే మాట ఉండాలండి మనుషులకి."

కాకా తన చొక్కా వైపు ఓసారి చూసుకున్నాడు. "గా ఫుట్‌బాలోళ్లం మేమే సార్."

"మీరు సెక్యూరిటీ కదండీ?"

"కాదు సార్."

"మరి నీలం అన్నాను కదా?"

"నీలమే ఏసినం సార్. రెండు కోట్లు."

ఆయన గేటు వైపు చూశాడు. అసలు సెక్యూరిటీవాళ్లు అప్పటికీ గేటు బయటే ఉన్నారు, ఇలాంటి రంగు చొక్కాల్లోనే. ఎవరినీ రానివ్వద్దన్నారు గనక మా రెండో నంబర్ వాళ్లను ఆపేశాడు. మా డిఫెన్స్ ఒక పూటంతా నిలబడింది ఆ ఒక్క రోజే.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. పెద్దాయన మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదని, ఈలోగా ప్లాన్ ఖాయమైపోతుందని, తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. చెప్పి, "గేటు దగ్గర మనుషులైతే కావాలండి. మీవాళ్లు బాగా ఆపారు" అన్నాడు.

కాకా అడిగింది ఒక్కటే. "డ్యూటీ గ్రౌండు లోపటేనా సార్?"

"లోపలేనండీ."

"అయితే వస్త."

ఆటస్థలం ప్లాన్‌లో ఉండేదట, తర్వాత అక్కడ జనరేటర్లు పెట్టారు. మేం పగలగొట్టలేని బండను మందు పెట్టి పేల్చారు, ఒక్క దెబ్బకు పోయింది. క్లబ్బును రద్దు చేస్తున్నామని ఎవరూ అనలేదు. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, మేం ఎక్కడికీ వెళ్లలేదు. కాకా చెప్పినట్టే పదకొండు మందిమి ఖాళీగా తిరిగాం, కాకపోతే ఎవరికి వాళ్లం. అందరిలాగే నేనూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరాను.

ఒకసారి ఆ గేటు ముందునుంచి పోతూ ఆగాను. కొత్త ఏజెన్సీ వచ్చిందట, కాకా ఒంటి మీద కొత్త యూనిఫాం. నీలం, అసలైన నీలం. కాలర్ పట్టుకుని చూపించాడు.

"ఒక్క కోటుకే వచ్చింది రా."

తర్వాత తన కుర్చీ చూపించి, సరిగ్గా మన గోల్‌పోస్టు ఉన్న చోటే వేసుకున్నానని చెప్పాడు. నేను పట్టాల వైపు చూసి కొలుచుకున్నాను. గోల్‌పోస్టు అటు చివర, జనరేటర్ల కింద. కుర్చీ ఉన్నది కార్నర్ బండ చోట. నా నోటికి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. "అవును కాకా, గిదే" అన్నాను.

వెళ్లేటప్పుడు ఆయన గది లోపల్నుంచి ఓ కవరు తెచ్చి ఇచ్చాడు. అందరి చొక్కాలూ అందరికీ ఇచ్చేస్తున్నాడట. నా మూడో నంబర్ చొక్కా ఇప్పటికీ ఉంది. కుట్ల దగ్గర దారం మాత్రం పసుపే, దానికి ఏ రంగూ ఎక్కలేదు. ఇందులోంచి ఎవరైనా ఏదైనా గొప్ప అర్థం తీస్తే నాకేం అభ్యంతరం లేదు. చొక్కా మాత్రం ఇంకా రంగు వదులుతోంది. మిగతా బట్టలతో కలపకుండా, చన్నీళ్లలో గుప్పెడు ఉప్పేసి ఉతికి, నీడలో ఆరేయాలి.