తంగళ్ళపల్లి రోడ్డు మీద ఆకుకూర చారు

తెలంగాణ ఉద్యమం రోజులవి. చింతలు చిగురు వేస్తున్న కాలంలో, కోరుట్లలో ఉన్న స్నేహితురాలిని చూడటానికి బయలుదేరాను. తంగళ్ళపల్లి దగ్గర మా బస్సు ఆగిపోయింది. ఆడవాళ్లు నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వండుతున్నారు. వంటావార్పు అట. నిరసన అంటే పస్తులుండటమే అనుకునే నాకు, దారినపోయేవాళ్లకు కూడా అన్నం పెట్టే నిరసన వింతగా తోచింది.

నాది తెనాలి. నా యాస వింటే ఏమంటారోనని నోరు విప్పలేదు. ఇంతలో ఆ చుట్టుపక్కల మరమగ్గాల కార్మికులు కూడా రావడంతో జనం పెరిగారు. పప్పు చాలదని వంట చూసుకుంటున్న లచ్చవ్వ తల పట్టుకుంది. పక్కనే గంపల నిండా పాలకూర, మెంతికూర, చింతచిగురు ఉన్నాయి.

"వాటితో చారు కాస్తే అందరికీ వస్తుందండీ" అనేశాను.

అందరూ నావైపు తిరిగారు.

"ఏ ఊరు బిడ్డా?" అంది లచ్చవ్వ.

"తెనాలి" అన్నాను భయంగా.

"మా కొట్లాట సర్కారుతోని, నీతోని గాదు. పట్టు గంటె!"

ఆకులన్నీ పచ్చిమిర్చితో ఉడికించి, మెదిపి, కాస్త జొన్నపిండి కలిపి పలచగా కాచాను. పైన వెల్లుల్లి పోపు. లచ్చవ్వ అరచేతిలో పోసుకుని రుచి చూసింది.

"గిసొంటి చారు నేనెన్నడు తాగలే!" అని అరిచింది.

మరమగ్గాల కార్మికులు మళ్లీ మళ్లీ అడిగి పోయించుకున్నారు. గుండిగ ఖాళీ అవుతుండగా రాస్తారోకో ముగిసింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. లచ్చవ్వ బస్సుకు అడ్డంగా నిలబడింది.

"చారు గాసినామె ఇంకా తినలే. ఆమె తిన్నంకనే బస్సు పోతది!"

బస్సంతా చూస్తుండగా, రోడ్డు మధ్యలో కూర్చుని తృప్తిగా తిన్నాను.