ఒంటెలా సాగిన పొట్టేలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మాది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇల్లు కాబట్టి ఊళ్లో అమ్మవార్లతో నాకు పేచీ లేదు, పరిచయమూ లేదు. కళ్యాణదుర్గంలో వెబ్‌సైట్లు చేసుకుని బతుకుతున్నాను. తెర మీద ఏదైనా తేడాగా కనిపిస్తే దానికి కారణం కోడ్‌లోనే ఉంటుందని గట్టిగా నమ్మేదాన్ని.

కంబదూరు దగ్గర తిప్పేస్వామి అని గొర్రెలు మేపుకునే అతను ఉన్నాడు. వానలు మొహం చాటేసి మేతకి కరువొచ్చింది. కొన్ని పొట్టేళ్లను మంచి ధరకి అమ్మితేనే మిగతా మందకి మేత కొనగలడు. లేదంటే మందనంతా అడిగినంతకి వదిలించుకోవాల్సిందే. సంతలో దళారుల బాధ పడలేక నా చేత వెబ్‌సైట్ చేయించుకున్నాడు.

నా కంప్యూటర్లో పొట్టేళ్లు నిగనిగలాడాయి. జనం చూసేది మాత్రం ఫోన్లో. అక్కడ అన్నీ బక్కచిక్కి, పొడుగ్గా సాగిపోయాయి. కణేకల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏమప్పా, పొట్టేళ్లు అమ్ముతాండావా, ఒంటెలు అమ్ముతాండావా?" అన్నాడట. ఇంకొకాయన, మేత లేక ఎండిపోయినాయని సగం ధరకి అడిగాడు. తిప్పేస్వామి ఏడ్చినంత పని చేశాడు.

విషయం చిన్నదే. ఫోటో వెడల్పు ఫోన్ తెరకి తగ్గట్టు కుదించుకుంటోంది, ఎత్తు మాత్రం పాత కొలత దగ్గరే బిగుసుకుపోయింది. వెడల్పుతో పాటు ఎత్తూ తగ్గేలా కోడ్‌లో ఒక్క మాట మార్చాను. పొట్టేళ్లన్నీ మళ్లీ పొట్టేళ్లయ్యాయి, ఒక్కటి తప్ప.

అది మందలో అన్నిటికంటే పెద్దది, ఎక్కువ ధర పలికేది. ఫోటో తీసేసి మళ్లీ ఎక్కించాను. పేరు మార్చాను. ఫోన్‌లో నిలవున్న సైట్ పాత కాపీలన్నీ తుడిచేశాను. చివరికి నేనే కంబదూరు వెళ్లి కొత్తగా ఫోటో తీశాను. తీస్తుంటే అది నా చున్నీ కొస నమిలేసింది. కెమెరాలో దివ్యంగా ఉన్న పొట్టేలు సైట్లో పెట్టగానే ఒంటె అయింది. నా ఫోన్లోనూ తిప్పేస్వామి ఫోన్లోనూ అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

తిప్పేస్వామి వాళ్లమ్మ మారెక్క అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మా గోల విని, ఫోన్ ఇటు తెమ్మంది. చూసి కొడుకు మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, మందకి రోగమొచ్చినప్పుడు మారెమ్మకి మొక్కిన పొట్టేలు కదరా ఇది! దీన్ని అమ్మకానికి పెట్టినావా?"

"జాతరకి ఇంకోటి ఇస్తాంలేమ్మా. ఆయమ్మ కొలిచి చూస్తాదా?" అన్నాడు తిప్పేస్వామి నేల చూపులు చూస్తూ.

"చూసినాది కదరా. పాపా, ఆ రేటు తీసెయ్. బొమ్మ అదే సర్దుకుంటాది."

నాకు నవ్వొచ్చింది. పెద్దావిడ మాట కాదనలేక ధర ఉన్న వరుస ఒక్కటే తీసేశాను. ఫోటోని ముట్టుకోలేదు. ఫోన్లో మళ్లీ తెరిచి చూస్తే పొట్టేలు పొట్టేలులాగే ఉంది. మారెక్క మళ్లీ కాయలు ఒలుచుకోసాగింది. నా నవ్వు మాత్రం ఆగిపోయింది.

ఆ తర్వాత అందరూ దాని కోసమే ఫోన్లు చేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు అది దొరక్క పక్కనున్నవి కొనుక్కుపోయారు. మేతకి సగం సమకూరింది. మిగతా సగం కోసం తిప్పేస్వామి ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక్క గంట రేటు పెట్టి చూడు. గుమ్మఘట్ట నుంచి ఒకాయన అడుగుతాండాడు. అమ్మ సంగటి గెలుకుతాంది, చూడదులే."

పెట్టాను. ఇద్దరం చెరో ఫోన్లో చూస్తున్నాం. పొట్టేలి కాళ్లు సాగాయి, మెడ సాగింది. నిజం చెబుతున్నా, నాకు భయమేసింది. తిప్పేస్వామి గొంతు తగ్గించాడు.

"తీసెయ్ అక్కా. వేరే రెండు అమ్ముకుంటాలే. మాయమ్మకి చెప్పొద్దు."

వేరే రెండూ అమ్మాడు, మంద నిలిచింది. బెంగళూరులో నాకంటే బాగా పని తెలిసిన స్నేహితురాలికి ఆ కోడ్ చూపించాను. తప్పేమీ లేదంది. అయితే నువ్వే ధర పెట్టి చూడు అన్నాను, పని ఉందని ఫోన్ పెట్టేసింది.

ఎందుకలా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తిప్పేస్వామి కొత్త పొట్టేలు ఫోటో పంపినప్పుడల్లా ముందు మారెక్కకి ఫోన్ చేసి, ఇది అమ్మేదేనా అని అడుగుతున్నాను.