రంగు వెయ్యకూడని చోటు

ఆ ఏడాది జూలై రెండో వారంలో నన్ను సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక మత్స్యకారుల పల్లెకు సర్వీస్ క్యాంపు మీద పంపారు. అప్పుడు నేను పలాసలోని ఒక మోటార్‌సైకిళ్ల షోరూములో ఫ్లోర్ సూపర్‌వైజర్ని. ఉద్యోగ విరమణకు ఇంకా పదకొండు నెలలుంది. మా వర్క్‌షాపులో మెకానిక్కుల మీద సీనియర్ మెకానిక్కు, అతని మీద సూపర్‌వైజరు, అందరి మీదా సర్వీస్ మేనేజరు. సూపర్‌వైజరు పానా పట్టుకోడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఓనరు చెప్పింది విని, జాబ్ కార్డు రాస్తాడు. జాబ్ కార్డంటే బండికి కేసు షీటు లాంటిది. పైన ఓనరు ఫిర్యాదు, కింద మేము కనిపెట్టిన లోపం, ఆ కింద 'కారణం' అని ఒక గడి. ఆ గడి నింపడంలో నాకు పేరుండేది. బండి ముఖం చూసి కారణం చెప్పేస్తానని మెకానిక్కులు అనేవారు. నేనూ నమ్మేవాణ్ణి.

నేనూ సీనియర్ మెకానిక్కూ ఏడు గంటలకల్లా పల్లె చేరాం. తుఫాను షెల్టరు వరండాలో సామాన్ల పెట్టె దించాక తెలిసింది, ఇంజనాయిలు డబ్బాలు పలాసలోనే మరిచిపోయామని. సీనియర్ మెకానిక్కు వ్యాను తీసుకుని వెనక్కి వెళ్లాడు. పదకొండు లోపల రాలేడు. నేనొక్కణ్ణే మిగిలాను. రాత్రి కురిసిన వాన వెలిసి, ఊరంతా తెల్లటి ఆవిరి పట్టింది. కొబ్బరి చెట్లకు మొదళ్లున్నాయి గాని తలలు లేవు. సముద్రం ఇరవై బారల్లోనే ఉందట, కనబడలేదు, వినబడింది. మగవాళ్లంతా చీకటితోనే వేటకు పోయారు. వీధిలో ఒక్క మనిషి లేడు. అరవైకి దగ్గరపడుతున్నవాణ్ణి, పొద్దున్నే లేచినవాణ్ణి. ఆ అలల చప్పుడు వింటూ కాసేపు నేనున్నది నా నిద్రలోనో ఆ ఊళ్లోనో తెలియలేదు.

ఆ ఆవిరిలోంచి ఒక పడవ నా వైపు వచ్చింది. నీలం రంగు, పక్కన పసుపు చార, ముందు ఎర్రటి బొట్టు. దగ్గరికొస్తే అది మోటార్‌సైకిలు. నలభై అయిదేళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఇసకలో దాన్ని తోసుకొస్తోంది. వెనక ఒక బక్కపలచటి మనిషి మెల్లగా నడిచొచ్చి, వరండా ఎదుట బోర్లించిన పాత తెప్ప మీద కూర్చున్నాడు. కాళ్లు, కళ్ల కింద వాచి ఉన్నాయి.

ఆమె పేరు రాజులమ్మ. అతను ఆమె భర్త దానయ్య. ఒకప్పుడు తండేలు, అంటే పడవ మీద అందరికీ పెద్ద. ఇప్పుడు కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడు రోజులు టెక్కలిలో డయాలసిస్. బుధవారం బండి కదలక ఒక వంతు పోయింది. ఇవాళ శుక్రవారం, పదకొండింటికి వంతు. ఇదీ తప్పితే మళ్లీ సోమవారం దాకా లేదు.

"నిన్నట్నించీ ఆయాసం బాబూ. పడుకోనేడు, కూకోనేడు. ఏటయినా సేసి బండి కదిపీండి. తొమ్మిదిన్నరకి ఎల్లిపోవాల" అంది.

ఆటోకి ఫోను చేశారా అంటే, చేశామనీ మధ్యాహ్నం వస్తానన్నాడనీ చెప్పింది. బండి నడిపేది ఎవరని అడిగాను. నేనే అంది. మగవాళ్లు వేటకు పోయాక మొగుణ్ణి ఆస్పత్రికి ఎవరు దింపుతారని, ఆటు వేళ తడి ఇసక మీద బండి నేర్చుకుందట. మొదట్లో ఊరంతా నవ్విందట. "ఇప్పుడు వాళ్ల పెళ్లాలకి కూడా నేర్పమంతన్నారు" అని చెప్పి, తను మాత్రం నవ్వలేదు.

నేను బండి చుట్టూ తిరిగాను. ట్యాంకుకీ, మడ్‌గార్డులకీ, చట్రానికీ, ఒక్క సైలెన్సరుకు తప్ప అన్నిటికీ పడవకు వేసే దళసరి రంగు. అలా రంగు పూసిన బండ్లు అమ్మకానికి చాలా వస్తాయి, లోపలి తుప్పు దాచడానికి. పైగా ఉప్పుగాలి ఊరు. నాకు ఇంక ఆలోచించే పని కనబడలేదు. కార్డు తీసి కారణం గడిలో 'ఓనరు నిర్లక్ష్యం' అని రాశాను. అంతటితో ఊరుకున్నానా? సముద్రం పక్కన పెట్టుకుని బండిని పట్టించుకోకుండా పైన రంగులు పులిమితే ఎలా బతుకుతుందమ్మా అని నాలుగు మాటలు కూడా అన్నాను. రాజులమ్మ నోరు తెరవబోయి దానయ్య వైపు చూసింది. అతను తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసక గీస్తున్నాడు.

స్టార్టు కాని బండికి మేము పాటించే వరస ఒకటుంది. ముందు పెట్రోలు, తర్వాత నిప్పు, ఆ తర్వాత గాలి, చివర ఇంజను బలం. వరస తప్పి ఎక్కడ పడితే అక్కడ వేలు పెట్టడం మా పనిలో పెద్ద తప్పు. నేను పానా వదిలి పన్నెండేళ్లయింది. వేళ్లు మొరాయించాయి గాని వరస మరిచిపోలేదు. కార్బొరేటరు అడుగున మర వదులు చేసి ఒక సీసా మూతలోకి పెట్రోలు పట్టాను. నీళ్లు కలిస్తే అడుగున ముత్యంలా విడిగా నిలుస్తాయి. ముత్యం లేదు. ప్లగ్గు ఊడదీశాను. కొన తడిగా ఉంది. అంటే పెట్రోలు లోపలికి వస్తోంది, అంటించే నిప్పు లేదు.

ప్లగ్గుకు దాని టోపీ తగిలించి, ఇంజను లోహానికి ఆనించి పట్టుకుని, రాజులమ్మను కిక్కు కొట్టమన్నాను. నిప్పు బాగుంటే కొన దగ్గర నీలంగా చిటుక్కుమంటుంది. ఆమె కొట్టింది. ఏమీ లేదు. కొత్త ప్లగ్గు పెట్టాను. లేదు. తాళం చెడి నిప్పును ఆపేస్తోందేమోనని దాన్నుంచి వచ్చే తీగ విప్పి చూశాను. లేదు. కిక్కు రాడ్డు కిందికి దిగిన ప్రతిసారీ ఎక్కడో ఒక అల విరిగేది. ఆ రెండు చప్పుళ్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నన్ను జోకొడుతున్నట్టుండేది. కళ్లు తెరిచే ఉన్నాను, వాచీ ఎనిమిదిన్నర చూపిస్తోంది, అయినా ఆ వరండాకు బయట టైము అనేది ఒకటుందని అనిపించలేదు. దానయ్య ఒకసారి దగ్గాడు. అప్పుడు ఉలిక్కిపడ్డాను.

మిగిలింది ఇగ్నిషన్ కాయిలు. ఇంజను పుట్టించిన చిన్న కరెంటును పెద్దది చేసి ప్లగ్గుకు పంపేది అదే. ట్యాంకు కింద చట్రానికి రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ట్యాంకు ఎత్తి చూస్తే అది కొత్తది. గట్టిగా అడిగితే రాజులమ్మ చెప్పింది, జూన్‌లో టెక్కలిలో ఒక మెకానిక్కు మార్చాడనీ, మార్చాక వారం శుభ్రంగా నడిచి మళ్లీ మొండికేసిందనీ. మళ్లీ వెళ్తే అతను బోల్టులు విప్పి బిగించాడట. మరో వారం నడిచిందట.

కాయిలు విప్పి చేత్తో పట్టుకున్నాను. దాని ఇనప ఒళ్లు ఇంజనుకు ఆనించి, పక్కనే ప్లగ్గు ఆనించి, కొట్టమన్నాను. చిటుక్కుమని నీలం నిప్పు! ఇద్దరం ఒక్కసారే "వచ్చింది" అన్నాం. దాన్ని తీసి మళ్లీ చట్రానికి బిగించాను. కొట్టింది. చీకటి. విప్పి చేత్తో పట్టుకుంటే నిప్పు, బిగిస్తే లేదు. మూడుసార్లు చేశాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో నా తల అంతగా ఎప్పుడూ తిరగలేదు. తొమ్మిదయింది. రాజులమ్మ కిక్కు మీద కాలు పెట్టుకుని, ఏడవకుండా, సముద్రం వైపు చూస్తూ నిలబడింది. నాకు భయం వేసింది. బండి గురించి కాదు.

ఏం చెయ్యాలో తోచక, కాయిలు కూర్చునే చోట చట్రాన్ని గోటితో గీకాను. గోరు జారిపోయింది. లోహం తగల్లేదు. నున్నగా, అద్దంలా రంగు. బోల్టు కన్నంలోకి చూశాను. మరల్లో కూడా రంగే. విప్పిన బోల్టుల మీద రంగు, రంగు గీసుకుపోయిన చోట తుప్పు.

"ఇక్కడ కూడా రంగేశారా?" అన్నాను.

దానయ్య మొదటిసారి మాట్లాడాడు. "మూడు సుట్లు ఏసినాను బాబూ. అన్నీ ఇప్పి, ఒక్కోటీ గీకి, లోపలంతా ఏసినాను. ఉప్పుగాలి సొరబడీకి సూదంత సోటు కూడా ఒగ్గనేదు."

వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో ఆ తీరమంతా పడవలు ఒడ్డుకెక్కించి రంగులు వేస్తారు. అది వాళ్లకు పని, పండగ కూడా. దానయ్య తన పడవ వాటా అమ్మేశాడు, డయాలసిస్ మొదలైన ఏడాదే. మే నెలలో ఊరంతా రంగు డబ్బాలు పట్టుకుంటే అతని చేతులు ఊరుకోలేదు. ఎవరిని అడిగినా ఒక డబ్బా మిగిల్చి ఇచ్చారు. పదిరోజులు కూర్చుని బండిని పడవలా చేశాడు. గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టిననాడు దీనికీ ముందు బొట్టు పెట్టాడు. పడవకైతే ఒక్క మేకు తల రంగు లేకుండా వదిలినా ఉప్పు దాన్ని తినేస్తుంది. అతనికి తెలిసిన జాగ్రత్త అదే, అతనంత జాగ్రత్తగా చేసినవాణ్ణి నేను చూడలేదు.

కాని కాయిలుకు చట్రంతో లోహానికి లోహం తగలాలి. దాన్నే మేము ఎర్త్ అంటాం. ప్లగ్గు దాకా వెళ్లిన కరెంటు ఇంజను మీదుగా, చట్రం మీదుగా మళ్లీ కాయిలు చేరాలి. దారి తెగితే బయలుదేరదు. మెకానిక్కు బోల్టులు బిగించినప్పుడల్లా మరల్లో రంగు కాస్త గీసుకుని దారి దొరికేది. వారంలో ఉప్పుగాలికి అక్కడ తుప్పు పట్టి దారి మళ్లీ మూసుకునేది. ఈసారి తుప్పు మరల్నిండా పట్టేసి, నేను ఎన్నిసార్లు బిగించినా దొరకలేదు.

బ్లేడు తీశాను. నేను గీకడం మొదలుపెట్టగానే దానయ్య లేచి దగ్గరికి వచ్చాడు. "అక్కడ ఒగ్గీకండి బాబూ, ఉప్పు తినీద్ది" అన్నాడు, పసివాడి చెయ్యి పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టుకుని. ఎర్త్ సంగతి నాకు చేతనయినట్టు చెప్పాను. అతను ఆ చోటు వేలితో తడిమాడు. "ఎల్లిన తెప్ప తిరిగొచ్చీకి రేవుండాల కదేటి. నానే మూసీసినాను" అన్నాడు. తర్వాత బ్లేడు నా చేతిలోంచి తీసుకుని తనే గీకాడు, రూపాయి బిళ్లంత మేర, తెల్లగా మెరిసేదాకా. నేను బోల్టులకు గరుకు కాగితం పట్టించి బిగించాను. లోపల లోహం లోహాన్ని కరుచుకున్నాక, పైనుంచి గ్రీజు రాశాను, ఉప్పు సొరబడకుండా.

ట్యాంకు, ప్లగ్గు బిగించాక రాజులమ్మ ఒక్కటే కిక్కు కొట్టింది. ఆ చప్పుడుకు సముద్రం కాసేపు వినబడలేదు. టైము తొమ్మిదీ ఇరవై అయిదు. దానయ్య వెనక కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాడు. నేను అతనితో, పొద్దున నోరు జారాను, తప్పు నాది అన్నాను. వినిపించిందో లేదో, చెయ్యెత్తాడు. నీలం బండి జీడితోట మలుపు దగ్గర ఆవిరిలో కలిసిపోయింది. వంతుకు అందుకున్నామని మధ్యాహ్నం రాజులమ్మ దగ్గర్నించి ఫోను వచ్చింది.

నేను నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చెడిన బండి రాగానే మేము ఓనర్ని 'ఏం చెయ్యకుండా వదిలేశారు' అని అడుగుతాం. 'ఏం చేశారు' అని అడగాలి. రెండోది, కారణం గడి చివరన ఉన్నది చివరన రాయడానికే. మిగిలిన నెలలూ కొత్త మెకానిక్కులకు ఈ రెండే చెప్పాను.

ఆ సాయంత్రం కార్డులో 'ఓనరు నిర్లక్ష్యం' కొట్టేసి, పక్కన 'అతి జాగ్రత్త' అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు వెనక్కి పంపారు. కంప్యూటర్లో కారణాలు నాలుగే ఉన్నాయి: తయారీ లోపం, అరుగుదల, ప్రమాదం, ఓనరు నిర్లక్ష్యం. వాటిలో ఒకటి ఎంచుకోమన్నారు. నేను ఎంచుకోలేదు. మరుసటి జూన్‌లో, నా చివరి నెలలో, వాళ్లు సర్వీసుకు పలాస వచ్చారు. బండికి మళ్లీ కొత్త రంగు వేశాడు దానయ్య. ట్యాంకు ఎత్తి చూస్తే ఆ రూపాయి బిళ్లంత చోటు ఖాళీగా ఉంది, చుట్టూ పసుపు గీతతో. నేను రిటైరైన రోజుకి మా వర్క్‌షాపులో ముగియకుండా మిగిలిన జాబ్ కార్డు అదొక్కటే.